పది రూపాయల బిళ్ళంత తాబేలు

పదకొండేళ్ళ కిందట మా తమ్ముడు కూతురి పుట్టినరోజుకి ఒక తాబేలు పిల్లను కొనిపెట్టాడు. అక్వేరియం సామాన్లు అమ్మే దుకాణంలో, చేపల తొట్ల పక్కన, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉందది. డబ్బా మధ్యలో ఒక ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, అడుగున వేలెడు నీళ్ళు. తాబేలు సరిగ్గా పది రూపాయల బిళ్ళంత ఉంది. లేతాకుపచ్చ డిప్ప, కళ్ళ వెనక చెరోవైపు కుంకుమతో గీసినట్టు ఎర్రటి చార. చూస్తే ఎవరికైనా కొనాలనిపిస్తుంది. "ఇంతకన్నా పెరగదు సార్. రోజూ నాలుగు గింజలు వేస్తే చాలు" అన్నాడు దుకాణంలో అబ్బాయి.

పెరిగింది. రెండో ఏటికి టీ సాసరంత, ఏడో ఏటికి టిఫిను ప్లేటంత అయింది. డబ్బా పోయి టబ్బు వచ్చింది, అదీ చాలక ఇంకా పెద్ద టబ్బు వచ్చి కూకట్‌పల్లి అపార్ట్‌మెంటులో బాల్కనీ మొత్తం ఆక్రమించింది. రెండు రోజులు నీళ్ళు మార్చకపోతే ఇల్లంతా చేపల బజారు వాసన. మధ్యలో ఒకసారి దాని కళ్ళు రెండూ వాచి మూసుకుపోయాయి. తిండి మానేసింది. కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లిద్దరు మాకు తాబేళ్ళ సంగతి తెలియదని మర్యాదగానే పంపేశారు. మూడో ఆయన చూసి, "దీనికి విటమిన్ ఎ లేదు, ఎండ అసలే లేదు. ఇన్నాళ్ళూ బతకడమే గొప్ప" అన్నాడు. ఆ రాత్రే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, దీన్ని తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తే? మనకీ పీడ పోతుంది, అదీ హాయిగా బతుకుతుంది."

సబబుగానే తోచింది నాకు. అయినా ఎందుకో, వారం ఆగమన్నాను. ఆ వారంలో మొదలుపెట్టిన చదువే ఈ వ్యాసం.

ఆ తాబేలు పేరు రెడ్ ఇయర్డ్ స్లైడర్. సొంతూరు అమెరికాలో మిసిసిపీ నది ప్రవహించే ప్రాంతం. ఎర్ర చెవులని పేరే గానీ తాబేళ్ళకి బయటికి కనబడే చెవులుండవు. చెవి ఉండాల్సిన చోట ఆ చార ఉంటుంది, అంతే. దుంగల మీద ఎండ కాగుతూ, అలికిడైతే జర్రున నీళ్ళలోకి జారిపోతుంది కాబట్టి స్లైడర్. లూసియానా రాష్ట్రంలో, మన దగ్గర కోళ్ళఫారాలున్నట్టు, వీటికి ఫారాలున్నాయి. 1989 నుంచి 1997 మధ్య అమెరికా నుంచి ఎగుమతైన స్లైడర్లు 5 కోట్ల 20 లక్షలు. నింజా టర్టిల్స్ కార్టూన్ల మోజు ముదిరిన కాలమది.

ఇన్ని కోట్లు బయటికి పంపిన దేశం, తన పిల్లల చేతికి మాత్రం వీటిని ఇవ్వనివ్వదు. డిప్ప నాలుగు అంగుళాల కన్నా చిన్నదైన తాబేలును పెంపకానికి అమ్మకూడదని 1975లోనే అమెరికా నిషేధించింది. కారణం సాల్మొనెల్లా అనే బాక్టీరియా. అది పేగుల్లో ఉన్నా తాబేలుకు ఏమీ కాదు, చలాకీగానే తిరుగుతుంది. దాన్ని పట్టుకున్న పిల్ల మాత్రం జ్వరంతో, విరేచనాలతో ఆస్పత్రి పాలవుతుంది. మరి నాలుగు అంగుళాల లెక్క ఎక్కడిదంటే, అంతకన్నా పెద్దదైతే పసిపిల్లలు నోట్లో పెట్టుకోలేరని. అధికారుల నిబంధనల్లో ఇంత ఇంటి వాసన ఉన్నది నేను ఇదొక్కటే చూశాను.

ఇక చెరువు సంగతి. మన చెరువుల్లో, కాలవల్లో మనవైన తాబేళ్ళున్నాయి. అవీ ఎండ కాగడానికి అదే దుంగ ఎక్కాలి, అదే నాచు, అవే పురుగులు, అవే చేపపిల్లలు తినాలి. స్లైడరు మొండి ఘటం. దొరికిందల్లా తింటుంది, మురుగునీళ్ళలోనూ నెట్టుకొస్తుంది, దుంగ మీద నుంచి పక్కవాళ్ళను తోసేస్తుంది, కొత్త రోగాలనూ వెంట తెస్తుంది. ప్రపంచంలో స్థానిక జీవులకు అత్యంత చేటు చేసే 100 వలస జాతుల జాబితాలో దీనికి చోటుంది. యూరోపియన్ యూనియన్ 1997లోనే దీని దిగుమతి ఆపేసింది. మన దేశంలోనూ కేరళలో, కర్ణాటకలో, అస్సాంలో చెరువుల్లో ఇవి బయటపడ్డాయి. త్రిసూర్ దగ్గరున్న కేరళ అటవీ పరిశోధన సంస్థ వీటిని జనం దగ్గర నుంచి సేకరించే పని పెట్టుకుంది. ఇవన్నీ మా తమ్ముడిలాంటి మంచివాళ్ళు దయతలచి వదిలినవే. గుడి కోనేట్లో వదిలితే పుణ్యం కూడా వస్తుందనుకునేవాళ్ళు మనలో ఉండనే ఉన్నారు.

ఆ దుకాణం అబ్బాయిని తప్పుపట్టి లాభం లేదు. అతనికీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అసలు చిక్కు బేరంలోనే ఉంది. మనకు అమ్మేది పిల్లను. దానికి కావలసిన ఎండ, దాని చీకటి, దాని మంద, దాని ముప్ఫై ఏళ్ళ ఆయుష్షు, ఇవేవీ ఆ డబ్బాలో పెట్టి ఇవ్వరు. వాటిని కొన్నవాడే సమకూర్చాలి. ఒక్కొక్క జంతువు దగ్గర ఈ లెక్క ఒక్కోలా తేలుతుంది.

దూరదేశపు జంతువుల మీద మోజు ఇవాళ్టిది కాదు. 1621లో జహంగీరు కొలువుకు ఒక జీబ్రా వచ్చింది. ఆ చారలు ఎవరో వేసిన రంగేమోనని అనుమానం వచ్చి పరీక్షించి మరీ చూశారు. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ దాని బొమ్మ గీశాడు, ఆ తర్వాత దాన్ని ఇరాన్ షాకు కానుకగా పంపించేశారు. అంతకు వందేళ్ళ ముందు, 1514లో, మన దేశం నుంచి వెళ్ళిన హన్నో అనే ఏనుగును పోర్చుగల్ రాజు పోపు పదో లియోకు బహూకరించాడు. రోమ్ నగరమంతా దానికి దాసోహమంది. రెండేళ్ళకు దానికి జబ్బు చేస్తే, అక్కడి వైద్యులు ఏనుగు హోదాకు తగినట్టు బంగారం కలిపిన విరేచనాల మందు పట్టించారు. చచ్చిపోయింది. మా తాబేలును చూడలేమన్న ఆ ఇద్దరు డాక్టర్లు ఆ రోమ్ వైద్యుల కన్నా ఎంతో నయం.

అప్పుడది రాజుల వేడుక. ఇప్పుడు జీతగాళ్ళ ఇళ్ళలోకి వచ్చింది. చార్మినార్ దగ్గరి మూర్గీ చౌక్‌లో తరతరాలుగా కోళ్ళు, పావురాలు, పిట్టలు అమ్ముతున్నారు. ఇప్పటి బేరం ఎక్కువగా ఫోన్లోనే సాగుతోంది. ఇగ్వానా, బాల్ పైథాన్, షుగర్ గ్లైడర్, మకావ్, ఆఫ్రికా తాబేలు, ముళ్ళపంది పిల్లలా ఉండే హెడ్జ్‌హాగ్, ఏది కావాలంటే దాని వీడియో వాట్సాప్‌లో వస్తుంది. "బాగా మచ్చికైంది, కరవదు" అని కింద ఒక మాట ఉంటుంది.

ఆ మచ్చిక అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మచ్చిక కావడం వేరు, పెంపుడు జాతి కావడం వేరు. కుక్క పదిహేను వేల ఏళ్ళకు పైబడి మనిషి గడపలో ఉంది. ఈ కాలమంతా మనతో ఇమడగలిగిన కుక్కలే మిగిలి, వాటి పిల్లలే పెరిగి, చివరికి జాతికి జాతే మారిపోయింది. కుక్కపిల్లకు మనిషి ముఖం చూసి భావం కనిపెట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇగ్వానాకు ఆ చరిత్ర లేదు. అది పుట్టింది ఫారంలోనే కావచ్చు, మన చేతిలో తిండి తినడానికి అలవాటు పడనూ వచ్చు. దాని రక్తం, ఎముక, నిద్ర, భయం మాత్రం దక్షిణ అమెరికా అడవిలో చెట్టు కొమ్మ మీద ఉన్న దాని తాతదే. మచ్చిక ఒక్క జంతువుతోనే మొదలై దానితోనే పోతుంది. దాని పిల్లను మళ్ళీ మొదటి నుంచి మచ్చిక చేసుకోవాల్సిందే.

ఆ ఇగ్వానా సంగతే చూద్దాం. పిల్లప్పుడు మన తొండంత, చిగురాకు రంగులో ముద్దుగా ఉంటుంది. మూడు నాలుగేళ్ళలో తోకతో కలిపి ఐదడుగులు దాటుతుంది. ఆ తోకతో చెళ్ళున కొడితే చర్మం చీరుకుపోతుంది. మగదైతే ఏడాదిలో కొన్ని నెలలు జత కట్టే కాలంలో యజమానినే పోటీదారు అనుకుని మీదికొస్తుంది. అయినా దీనికి ఎక్కువ కీడు చేసేది మన ఇల్లే.

సరీసృపాల ఒంట్లో ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. ఆ డి3 చర్మంలో తయారవ్వాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బి అనే రకం ఒంటి మీద పడాలి. ఇంతవరకూ మనిషికీ దానికీ పెద్ద తేడా లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కిటికీ పక్కన గాజు పెట్టెలో పెట్టాం, రోజంతా ఎండ పడుతోంది కదా అనుకుంటారు. మామూలు కిటికీ అద్దం వెలుతురునూ వేడినీ లోపలికి రానిస్తుంది, యూవీ-బిని మాత్రం దాదాపుగా ఆపేస్తుంది. అంటే ఆ జంతువు ఎండలో కూర్చుని ఉండగానే ఎండ కరువుతో చిక్కిపోతుంది. రక్తంలో కాల్షియం తగ్గేసరికి శరీరం దాన్ని సొంత ఎముకల్లోంచే లాక్కోవడం మొదలుపెడుతుంది. దవడ ఎముక రబ్బరులా మెత్తబడుతుంది. కాళ్ళు లావెక్కినట్టు కనబడతాయి. 'పుష్టిగా ఉంది' అని ఇంటివాళ్ళు మురుస్తుంటారు. నిజానికి అది బలహీనపడిన ఎముక చుట్టూ వచ్చిన వాపు. ఓ రోజు కొమ్మ మీద నుంచి దిగబోతుంటే కాలు విరుగుతుంది.

దీనికి ప్రత్యేకమైన యూవీ-బి బల్బులు దొరుకుతాయి. వాటిలోనూ ఒక కిటుకుంది. బల్బు వెలుగుతూనే ఉంటుంది గానీ ఆరు నెలల నుంచి ఏడాది లోపల దానిలోంచి వచ్చే ఆ కిరణాలు బాగా తగ్గిపోతాయి. వెలుగుతున్న బల్బును ఎవరు మారుస్తారు? పోనీ నేరుగా డాబా మీద ఎండలో పెడదామా అంటే, మే నెల హైదరాబాద్ ఎండలో గాజు తొట్టి అరగంటలో పొయ్యి మీద గిన్నె అవుతుంది. నీడకు పాకే చోటు, ఎండకు వచ్చే చోటు రెండూ ఉండాలి. ఇష్టమొచ్చినప్పుడు అటూ ఇటూ తిరిగి ఒంటి వేడిని సరిచూసుకోవడమే వాటి బతుకు. తిండి విషయంలో ఇగ్వానా పూర్తి శాకాహారి. ములగాకు, మందారపువ్వు ఇష్టంగా తింటుంది. బలమని కోడిగుడ్డు, కుక్కల మేత పెడితే మూత్రపిండాలు పాడవుతాయి. పాలకూర అదేపనిగా పెట్టినా తప్పే, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి.

దాని నడినెత్తి మీద ఒక పొలుసు కింద మూడో కన్నుంటుంది. బొమ్మ చూడలేదు గానీ వెలుగునీడల తేడా పసిగడుతుంది, పైనుంచి గద్ద వాలుతోందేమోనని. మనం ముద్దుగా తల నిమరడానికి పైనుంచి చెయ్యి చాచినప్పుడు అది ఎందుకు ఉలిక్కిపడుతుందో ఆ కన్నును బట్టి తెలుసుకోవచ్చు.

షుగర్ గ్లైడరుది ఎండకు పూర్తిగా ఎదురు కథ. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో ఉండే ఈ బుల్లి ప్రాణి బరువు నూరు, నూటయాభై గ్రాములు. ముందుకాలికీ వెనకకాలికీ మధ్య పలచటి చర్మం చాపి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు గాలిలో జారుతుంది. జేబులో పెట్టుకు తిరగొచ్చని అమ్ముతారు. ఇది రాత్రి జంతువు. మనం జేబులో పెట్టుకు తిరిగేది దాని నిద్రవేళ. మనం పడుకున్నాక అది లేచి, పంజరంలో ఎగరడానికి చోటు లేక, పిలిస్తే పలికే మంద లేక రాత్రంతా అరుస్తుంది. గుంపుతో పుట్టి గుంపు వాసనతో బతికే దాన్ని ఒంటరిగా పెడితే తన తోకనే కొరుక్కుంటుంది. పండ్లు, బ్రెడ్డు పెట్టి పెంచితే కాల్షియం చాలక వెనక కాళ్ళు పడిపోతాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వం తన దేశపు వన్యజీవులను పెంపకానికి ఎగుమతి చేయనివ్వదు. మనం చేయగలిగిన మంచి పని ఆ దేశం మాట వినడమే.

బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా కొండచిలువ. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి వస్తుంది. మన కొండచిలువతో పోలిస్తే చిన్నది, నాలుగైదు అడుగులు. విషం లేదు, సాధారణంగా కరవదు కూడా. చేతిలోకి తీసుకుంటే తల లోపల పెట్టుకుని బంతిలా చుట్ట చుట్టుకుంటుంది. "చూడండి, నా చేతిలో ఎంత హాయిగా పడుకుందో" అంటూ ఫొటోలు పెడతారు. చుట్ట చుట్టుకోవడం దానికి భయం వేసినప్పుడు చేసే పని. తలను కాపాడుకోవడం ఒక్కటే దానికి తెలిసిన రక్షణ. అందుకే దానికా పేరు.

లోరిస్‌ల కథ ఇంతకన్నా బాధాకరం. ఆగ్నేయాసియా స్లో లోరిస్‌కు చక్కిలిగింతలు పెడుతుంటే రెండు చేతులూ పైకెత్తి ఆనందిస్తున్నట్టున్న వీడియోలు కోట్ల మంది చూశారు. దాని మోచేతి దగ్గర ఒక గ్రంథి ఉంది. చేతులెత్తి అక్కడ నాకి, ఆ స్రావాన్ని ఉమ్మితో కలుపుకుంటే కాటు విషమవుతుంది. చేతులెత్తడం దాని చివరి హెచ్చరిక. ఆ కాటు భయంతోనే అమ్మేవాళ్ళు దాని పళ్ళు ముందే గోళ్ళు తీసే కత్తెరతో కత్తిరిస్తారు. దీని దగ్గరి చుట్టమే మన అడవుల్లోని దేవాంగపిల్లి. దాన్ని మనవాళ్ళు చేతబడికి పనికొస్తుందని పట్టి చంపుతారు. ఏది తక్కువ పాపమో నాకు తెలీదు.

చిలకల దగ్గరికొస్తే మాట మారుతుంది. వీటికి మనసు విప్పి చెప్పే శక్తే ఎక్కువ, బాధల్లా అక్కడే. ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977లో అమెరికాలో ఒక దుకాణంలో ఆఫ్రికన్ గ్రే చిలకను కొని, అలెక్స్ అని పేరు పెట్టి, ముప్ఫై ఏళ్ళు దానితో పనిచేసింది. రంగులు, ఆకారాలు, అంకెలు గుర్తుపట్టి చెప్పేది. నూరుకు పైగా మాటలు అర్థం తెలిసి వాడేది. ఇంత బుర్రున్న పక్షిని రెండడుగుల పంజరంలో పెట్టి, అందరూ పొద్దున్నే ఆఫీసులకూ స్కూళ్ళకూ వెళ్ళిపోతే అది ఏం చేస్తుంది? తన ఈకలు తనే పీక్కుంటుంది. ఇలాంటి చిలకను చూస్తే ఇట్టే పోల్చుకోవచ్చు. తల నిండా చక్కటి ఈకలుంటాయి, మెడ కింద నుంచి ఒళ్ళంతా వలిచిన కోడిలా ఉంటుంది. తన ముక్కుకు తల అందదు, అందుకే తల ఒక్కటీ మిగులుతుంది. మొదట చర్మరోగం అనుకుని నూనెలు రాస్తారు.

ఆఫ్రికన్ గ్రే నలభై, యాభై ఏళ్ళు బతుకుతుంది. మకావ్ చిలకదీ అదే వరస. నలభై ఏళ్ళప్పుడు కొన్నవాళ్ళు వీలునామాలో దానికీ ఒక పేరా రాయాల్సి వస్తుంది. మకావ్ గొంతు అమెజాన్ అడవిలో దూరాన ఉన్న మందను పిలవడానికి పుట్టిన గొంతు. పొద్దున ఐదున్నరకు అపార్ట్‌మెంటులో అది పిలిస్తే, మంద బదులు వాచ్‌మన్‌నూ అసోసియేషన్ సెక్రటరీనీ వెంటేసుకుని పక్క ఫ్లాటువాళ్ళు వస్తారు.

చిలక మన దగ్గర నుంచే లోకానికి వెళ్ళిన ముచ్చట. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దం చివర పారశీక కొలువులో వైద్యుడిగా ఉన్న క్టీసియస్ అనే గ్రీకు, భారతదేశంలో మనిషిలా మాట్లాడే పక్షి ఉందనీ, అది భారతీయ భాష మాట్లాడుతుందనీ, నేర్పితే గ్రీకూ మాట్లాడుతుందనీ రాసిపెట్టాడు. ఏ భారతీయ భాషో రాయలేదు కనక అది తెలుగేనని వాదించుకోవడానికి మనకు అడ్డేమీ లేదు. అలా వెళ్ళిన మన రామచిలకలు పంజరాలు తప్పించుకుని ఇవాళ లండన్ పార్కుల్లో గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ఆ మంచులోనూ బతకడం నేర్చాయి. మిసిసిపీ తాబేలు మన చెరువుకు ఎలాగో, మన చిలక లండన్ చెట్టు తొర్రకు అలాగ. అక్కడివాళ్ళూ వాటిని ఏం చేయాలని తలలు పట్టుకుంటున్నారు.

ఇక చట్టం. ఇక్కడ చాలామందికి తలకిందులుగా కనిపించే సంగతొకటుంది. మన ఊరి జామచెట్టు మీద వాలే రామచిలకను పంజరంలో పెడితే నేరం. బ్రెజిల్ నుంచి వచ్చిన మకావ్‌ను కాగితాలన్నీ ఉంటే పెంచుకోవచ్చు. కారణమేమిటంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రధానంగా మన దేశపు అడవి ప్రాణుల కోసం పుట్టింది. మన అడవి పక్షుల్ని పట్టడం, అమ్మడం 1990-91 నుంచి పూర్తిగా నిషిద్ధం. రెక్కలు కత్తిరించిన చిలకతో జోస్యం చెప్పేవాళ్ళు రోడ్డు పక్క నుంచి తగ్గిపోవడానికి ఒక కారణం ఇదే. విదేశీ జంతువులకు చట్టంలో చోటే లేకపోయింది. విమానాశ్రయంలో పట్టుబడితే కస్టమ్స్ వాళ్ళ పని, ఇంట్లోకి వచ్చేశాక అడిగే నాథుడు ఉండేవాడు కాదు.

ఆ లోటు పూడ్చడానికి 2020 జూన్‌లో కేంద్రం ఒక అవకాశమిచ్చింది. విదేశీ జంతువులున్నవాళ్ళు ఆరు నెలల్లో స్వచ్ఛందంగా చెప్పేస్తే ఎక్కడ తెచ్చారని కాగితాలు అడగమంది. వేల దరఖాస్తులు వచ్చాయి. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1973లో వాషింగ్టన్‌లో కుదిరింది, మన దేశం 1976లో చేరింది. ఆ ఒప్పందం జాబితాల్లోని జాతుల్ని మన చట్టంలో నాలుగో షెడ్యూలుగా చేర్చారు. ఆ జాతుల జంతువు ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరి 28న నియమాలు వచ్చాయి. పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలపాలి. పిల్లలు పెట్టించి అమ్మాలంటే వేరే లైసెన్సు. బాల్ పైథాన్, ఇగ్వానా, మకావ్, ఆఫ్రికన్ గ్రే, ఆఫ్రికా సల్కాటా తాబేలు ఇవన్నీ ఆ జాబితాలోవే. "పేపర్లు తర్వాత ఇస్తాం సార్" అని అమ్మేవాడంటే అక్కడితో బేరం ఆపేయండి. థాయ్‌లాండ్ నుంచి సూట్‌కేసుల్లోనూ, మయన్మార్ సరిహద్దు దాటించి మిజోరం మీదుగానూ దొంగచాటుగా వచ్చేవి చాలానే ఉన్నాయి. దార్లో చచ్చినవి పోగా మిగిలినదే మన ఇంటికొచ్చేది.

మన జంతువులూ ఇలాగే బయటికి పోతున్నాయి. చిత్తూరు, అనంతపురం వైపు గుట్టల్లో, ఎండిన బోద గడ్డిలో నక్షత్ర తాబేలు ఉంటుంది. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుంటాయి. ఆ అందం గడ్డి నీడలో కలిసిపోయి కనబడకుండా ఉండడానికి దానికి దక్కిన వేషం. అదే దాని ప్రాణం మీదికి వచ్చింది. ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని ఇక్కడివాళ్ళు, అందంగా ఉంటుందని విదేశాల వాళ్ళు ఎగబడ్డారు. మేకల కాపరులు ఏరి ఇచ్చిన వాటిని సంచుల్లో చెన్నై చేర్చి విమానాలెక్కించేవారు. 2019లో సైటిస్ దీని వ్యాపారాన్ని పూర్తిగా ఆపే మొదటి అనుబంధంలోకి మార్చింది. రెండు తలల పాము పేరుతో జరిగేది ఇంకో దందా. దానికున్నది ఒక్క తలే, తోక మొద్దుబారి తలలా కనబడుతుంది. లక్షలు పలుకుతుందని నమ్మి దాన్ని పట్టినవాళ్ళు, కొనబోయినవాళ్ళు కలిసి జైలుకు వెళ్ళడం మన పత్రికల్లో తరచూ చదివే వార్తే.

ఎవరూ ఏదీ పెంచకూడదని నేననను. సరిగ్గా పెంచేవాళ్ళను చూశాను. సల్కాటా తాబేలు కోసం పెరడు మొత్తం గడ్డికి వదిలేసిన ఒకాయన నాకు తెలుసు. అరచేతిలో తెచ్చిన ఆ తాబేలు ఇప్పుడు ముప్ఫై కిలోలు దాటింది, గోడ పునాది కింద బొరియ తవ్వుతోంది. ఆయన మేస్త్రీని పిలిచి గోడ సరిచేయించుకున్నాడే తప్ప తాబేలును తిట్టుకోలేదు. కొనేముందు ఆయన చేసిందల్లా ఒక్కటే, అది పెద్దయ్యాక ఎలా ఉంటుందో వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాడు. మీ ఊళ్ళో దానికి వైద్యం చేసేవారున్నారా అని ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లేరంటే ఆ జంతువు మీ ఊరిది కాదు.

మా తమ్ముడి తాబేలు చెరువుకు వెళ్ళలేదు. వాళ్ళ డాబా మీద సగం నీడ, సగం ఎండ ఉండేలా ఇటుకలతో తొట్టి కట్టించాం. మధ్యలో ఒక మొద్దు వేశాం. ఎండెక్కగానే ఆ మొద్దెక్కి నాలుగు కాళ్ళూ బారజాపి, మెడ సాగదీసి పడుకుంటుంది. అడుగుల చప్పుడు వినిపిస్తే జర్రున నీళ్ళలోకి జారుతుంది. మా వాడి కూతురు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మొన్న తొట్టి కడుగుతూ, "పెదనాన్నా, నాకు పెళ్ళై పిల్లలు పుట్టినా ఇది ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నాను.

మీ ఇంట్లో ఇలాంటిది ఇప్పటికే ఉండి, ఇక పెంచలేమనుకుంటే అటవీ శాఖ వాళ్ళకు చెప్పండి, పెంచగలిగిన వాళ్ళను వెతకండి. చెరువులో మాత్రం వదలకండి.